గద్యమునుండి పద్యమునకు

విద్యార్థులారా,

మన సంచికకు మీరు ప్రతివత్సరమును పంపు వ్రాతలలో ఇంటిని, ఊరిని తలచుకొని వ్రాసినవి పెక్కు. వసతిగృహమున నుండువారి వ్రాతలలో ఇవి మఱియు నెక్కువ. అవి గద్యములే యైనను వానిలో కవితాధోరణి కనబడుచుండును. “వీనిని పద్యములుగా మార్చుట యెట్లు?” అని మీలో కొందఱు మమ్మడిగిరి. లక్షణము చెప్పి యూరకుండుటకంటె, ఒక్క గద్యమును గైకొని ఆ పనిని మీ యెదుట చేసి చూపుట మేలని తలంచితిమి. ఇందు మేము చేసిన పొరపాటును గూడ దాచక చెప్పెదము.

మొదట ఒక మాట. గద్యమును విఱిచి పాదములుగా పేర్చినంతమాత్రమున పద్యము కాదు. పద్యమైనంతమాత్రమున గద్యముకంటె గొప్పదియు కాదు. పదునొకండవ శతాబ్దిలో నన్నయ భారతమును గద్యపద్యములు కలిసిన చంపువుగా వ్రాసెను. పదుమూడవ శతాబ్దిలో తిక్కన నిర్వచనోత్తర రామాయణమును, ఆ పేరే చెప్పుచున్నట్లు, నడుమ వచనము లేకుండ పద్యములతోనే నడపెను; భారతము వ్రాయునపుడు మరల గద్యమును చేపట్టెను. రవీంద్రనాథ ఠాకూరు తన వంగ గీతములను తానే ఆంగ్ల వచనముగా మార్చి 1912లో గీతాంజలిగా వెలువరించెను. 1913లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. కాబట్టి గద్యమునకు తన పని కలదు, పద్యమునకు తన పని కలదు. ఈ గద్యములో పద్యము కాగోరు భాగమేది యని తెలిసికొనుటయే మన మొదటి పని.

ఇక గద్యమును చూడుడు. దీనిని వ్రాసినవాడు చీరాల ప్రాంతపు నేతవారి బాలుడు; వసతిగృహ విద్యార్థి. అతని సమ్మతితోనే ఇచ్చట నిచ్చుచున్నాము.

“ఓ నా గ్రామమా! నా హృదయసీమలో నిత్యము వెలుగొందు దివ్యజ్యోతీ! నిన్ను వీడినది మొదలు నా మనస్సు విరహాగ్నిలో వేగుచున్నది. ఇచ్చటివారికి నేను పల్లెటూరివాడను, అచ్చటివారికి పట్టణపువాడను, నేనెవరివాడను? తెల్లవారుజామున మెలకువ వచ్చినను, మగ్గపు చప్పుడు వినబడనందున ఇంకను రాత్రియే యని యెంచి మరల దుప్పటి కప్పుకొందును. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళితిని. నా నిద్ర చెడునని మా నాన్న వేకువను మగ్గము నేయలేదు. అమ్మ నాకు పీట వాల్చినది. ఆహా! మాతృప్రేమ యెంత మధురము! ఓ గ్రామమా! నిన్నెన్నటికిని మరువజాలను.”

1. ఏరుట

ఈ గద్యములో రెండు విధములైన వాక్యములున్నవి. దివ్యజ్యోతి, విరహాగ్ని, మాతృప్రేమ అనునవి యెవరైనను, ఏ యూరినిగూర్చి యైనను వ్రాయదగినవి. వానిని గీచివేసినచో ఈ బాలుని కేమియు నష్టము లేదు. మగ్గపు చప్పుడు వినబడక ఇంకను రాత్రియే యనుకొనుట యనునది మాత్రము నేతవాని యింట పుట్టినవాడే వ్రాయగలడు. నిద్ర చెడునని మగ్గము నాపుట, పీట వాల్చుట అనునవియు నట్టివే. మేము మొదటి వాక్యములను కొట్టివేసి, వీనిని మాత్రము వేఱొక కాగితముపై వ్రాసికొంటిమి. నిండుపుట గద్యములో నాలుగు పంక్తులు మిగిలెను. ఇందుకు చింతింపవలదు; పద్యమున కంతియే చాలును.

2. బెంగను పేరుపెట్టి పిలువకుండుట

‘బెంగ’ యను పదము వ్రాసినంతనే చదువరికి బెంగ కలుగదు. దానిని మోయు వస్తువొకటి కావలయును. కాళిదాసుని యక్షుడు తన వేదనను మేఘమున కప్పగించెను. 1895లో వినుకొండలో జన్మించి, గుంటూరులో మిషనువారి శిక్షణ పాఠశాలయందు ఉపాధ్యాయుడుగా పనిచేసిన గుఱ్ఱము జాషువ కవి, 1941లో వెలువడిన ‘గబ్బిలము’ కావ్యములో తన కథానాయకుని సందేశమును గబ్బిలముచేత కాశీ విశ్వేశ్వరుని కడకు పంపెను. గబ్బిలమే యేల? కులముపేర ఆ మనుష్యుని గడప తొక్కనీయని గుడిలో గబ్బిలము స్వేచ్ఛగా వ్రేలాడగలదు. తన దేశములో తనకు చోటు లేదను మాట, దూతను ఎన్నుకొనుటలోనే వినబడుచున్నది. వస్తువు సరియైనదైనచో దుఃఖమును విడిగా వర్ణింప నక్కఱ లేదు.

మన బాలునకు దూత యవసరము లేదు, మగ్గమున్నది. అతని ప్రశ్న ‘నేనెవరివాడను?’ అనునది. ఆ ప్రశ్నను పద్యములో వ్రాయక, మగ్గముచేత అడిగింపవలయును.

3. ఛందస్సును ఎన్నుట

ఉత్పలమాల, చంపకమాల గంభీరములు, దీర్ఘసమాసములకు చోటిచ్చును. కందమునకు నాలుగు పాదములందును ప్రాస కుదురవలయును. ఇంటిమాటలు చిన్నవి: నాడె, పీట, పోగు, దుప్పటి. వీనికి తేటగీతి తగినదని తోచినది. దీని లక్షణము మీరెఱిగినదే: పాదమునకు ఒక సూర్యగణము, రెండు ఇంద్రగణములు, మరల రెండు సూర్యగణములు, నాలుగవ గణము మొదటి యక్షరము యతిస్థానము, ప్రాస నియమము లేదు. మొదటి పాదమును గణవిభాగము చేసి చూడుడు:

నాడె | చప్పుడు | వినరాని | నాటి | నుండి

హ, భ, సల, హ, హ గణములు. ‘నా’కు ‘నా’ యతి. ఛందోనియమము లేని వచనకవితయు నీనాడు మన భాషలో స్థిరపడిన మార్గమే; కుందుర్తి ఆంజనేయులుగారు దానికై యెంతయో పాటుపడిరి. ఆ మార్గమున పోవువారికిని పైని చెప్పిన రెండు పనులు తప్పవు.

4. పాదపూరణమను ప్రమాదము

ఇచ్చటనే మేము పొరపడితిమి. పీట వాల్చిన సంగతిని పద్యము చేయుచు, యతికొఱకు వెదకి, ఇట్లు వ్రాసితిమి:

పీట వాల్చెను నాకమ్మ ప్రీతి మీఱ

గణములు సరిపోయినవి, ‘పీ’కి ‘ప్రీ’ యతియు కుదిరినది. మేము సంతోషించి బాలునకు చదివి వినిపించితిమి. అతడు కొంతసేపు మాటలాడలేదు. పిదప మెల్లగా, “మా అమ్మ ప్రీతితో వాల్చలేదండి, మర్యాదతో వాల్చినది. మా యింటిలో నాకెన్నడును పీట వేయరు. చుట్టములకే వేయుదురు” అనెను.

అతడు గద్యములో ‘మాతృప్రేమ యెంత మధురము’ అని వ్రాసినది తన కనిపించిన దానిని కాదు. అచ్చట నట్లు వ్రాయవలయునని తలచినదానిని. మేమును యతికొఱకు దానినే మరల దెచ్చిపెట్టితిమి. ఇంటిలో తాను చుట్టమైపోయెనన్న దుఃఖమును అతడు అలంకారముతో కప్పగా, మేము యతితో కప్పితిమి. తండ్రి మగ్గము నాపుటయు నట్టిదే. అది ప్రేమయే. అయినను ఏ చప్పుడు కొఱకు బాలుడు నెలలకొలది చెవియొగ్గి యుండెనో, ఇంటి కేగినపుడు ఆ ప్రేమయే దానిని వినబడనీయలేదు.

కావున పాదము పూర్తియగుటకై ‘ప్రీతి మీఱ’, ‘వేడ్క తోడ’, ‘ముద్దు లొలుక’ వంటి మాటలు చేతి కందినపుడు, విద్యార్థులారా, ఒక్క క్షణ మాగి, ‘ఇది నిజమా?’ అని అడుగుడు. నిజము కానిచో యతి కుదిరియు ప్రయోజనము లేదు. మేము ఆ రెండు గణములను తీసివేసి, మర్యాద తెలియునట్లు ‘పిలువ వచ్చు చుట్టమునకట్లు’ అని మార్చితిమి.

5. వ్రాయక విడిచినదానిని అడుగుట

రెండు పద్యములు ముగిసినవి. కాని రెండవది యెచ్చటనో నిలిచిపోయినట్లుండెను. గద్యములోని ‘నిన్నెన్నటికిని మరువజాలను’ అను ముగింపు ఇచ్చట పనికిరాదు. “పీటపై కూర్చున్న తరువాత ఏమి జరిగినది?” అని మేము బాలు నడిగితిమి. “ఏమియు లేదండి. మగ్గముపైని పడుగులో పోగొకటి తెగియుండగా చూచి లేచిపోయి ముడివేసితిని. నాన్న వచ్చి నేయుటకు కూర్చున్నాడు. అమ్మ కండెలకు చుట్టుమని పేక నిచ్చినది. అంతే” అనెను.

అతని కది వ్రాయదగిన సంగతిగా తోచలేదు. ‘నేనెవరివాడను?’ అను ప్రశ్నకు ఉత్తరువు మాత్రము అందే యున్నది. వాని నెవరును ‘నీవు మావాడవే’ యని ఓదార్పలేదు. వాని వ్రేళ్ళు పనిని మఱవలేదు. తల్లిదండ్రులు వానికి పని చెప్పిరి. చుట్టమునకు పీట వేయుదుము. ఇంటివానికి పని చెప్పుదుము. మూడవ పద్యమును బాలుడే మొదలుపెట్టెను; మేము గణములు సరిచూచితిమి.

ఇవి ఆ మూడు పద్యములు:

తే.గీ.
నాడె చప్పుడు వినరాని నాటినుండి
తెల్లవారదు నాకిందు, దిక్కులందు
వెలుగు గనియును, రేయింక వెడలదనుచు
గప్పుకొందును దుప్పటి గంటవఱకు.

తే.గీ.
సెలవులకు నింటి కేగిన చిన్నికొడుకు
నిద్ర చెడునని మగ్గము నిలిపె నాన్న;
పీట వాల్చెను నాకమ్మ, పిలువ వచ్చు
చుట్టమునకట్లు; పడుగును జూచుచుంటి.

తే.గీ.
తెగిన పోగును నావ్రేళ్ళె తెలిసి ముడిచె;
నాన్న చూచెను, పలుకక నాడె విసరె;
పీట దీసి నాకమ్మయు బేక నొసగె;
తిరిగి నాకన్ని నెలలకు దెల్లవారె.

గద్యముతో పోల్చి చూడుడు. గ్రామమను పదము లేదు, హృదయము లేదు, ప్రేమ యను మాట యొక్కసారియైనను రాలేదు. మొదటి పద్యములోని ‘తెల్లవారదు’ అను మాటకు మూడవ పద్యపు కడపటి మాట జవాబు చెప్పుచున్నది. రెండవ పద్యములో వాల్చిన పీటను మూడవ పద్యములో తీసివేయుదురు. ఇవి పడుగుపేకలవలె ఒకదానిలో నొకటి చొచ్చియుండుటచేతనే మూడు పద్యములును ఒక్క వస్త్రమైనవి.

ఈ పద్యములందును లోపములుండవచ్చును. పెద్దలు చూచి చెప్పినచో సంతోషముతో దిద్దుకొందుము. కాని ఒక్క సంగతి మాత్రము చెప్పక విడువజాలము. పద్యములను శుద్ధప్రతి వ్రాసిన దినమున బాలుడు వానిని మఱియొక కాగితముమీద ఎత్తి వ్రాసి, ఇంటికి పంపుటకు తపాలా కవరు కొనుటకై సెలవడిగెను. వాని తండ్రికి చదువు రాదట. ప్రక్కయింటివారు చదివి వినిపింతురట. నేత పని తెలిసిన ఆ శ్రోత ‘నాడె విసరె’ అను చోట తల యూపునా? ఊపినచో మా పరిశ్రమ ఫలించినట్లే.

అభ్యాసము

1. మీ యింటిని గూర్చి పది పంక్తుల గద్యము వ్రాయుడు. ఇతరులెవరైనను వ్రాయగల వాక్యములను గీచివేసి, మిగిలినవి యెన్నియో లెక్కించుడు.
2. మీ యింట చుట్టమునకు చేయు మర్యాదయేది, ఇంటివారికి చెప్పు పనియేది? రెండింటిని ఒక్క తేటగీతిలో నిముడ్చుడు.
3. పై మూడు పద్యములకును గణవిభాగము చేసి యతులను గుర్తింపుడు. పాదము నిండుటకే వచ్చినదని తోచిన పదమేదైన నున్నచో దానిని మాకు చూపుడు.