సమాజము - సంస్కృతి : కొన్ని మూలభావనలు

సమాజము, సంస్కృతి అను మాటలను జనులు నిత్యము వాడుదురు. వాని అర్థభేదమును తెలిసికొన్నవారికి తమ యింటి నడవడియు స్పష్టముగా గోచరించును.

బస్సు కొఱకు వేచియున్న నూరుగురు గుంపు మాత్రమే, సమాజము కారు. నిలుకడగల సంబంధములు, పరస్పర బాధ్యతలు ఏర్పడినప్పుడే అది సమాజమగును. ఆ సంబంధములను నడపు భాష, ఆచారము, విశ్వాసము, కళ, పనిముట్లు సంస్కృతి యనబడును. మానవుడు సమాజసభ్యుడుగా సంపాదించునదంతయు సంస్కృతియే యని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టైలర్ 1871లో నిర్వచించెను. కనుక సంస్కృతి రక్తముతో రాదు, నేర్చుటచే వచ్చును. తల్లి యొడిలో మొదలగు ఈ నేర్పునకు సామాజీకరణమని పేరు.

హైదరాబాదులోని గౌలిగూడను ఉదాహరణముగా గైకొనవచ్చును. గౌలి యనగా పశువులను పెంచి పాలమ్మువాడు. పేట పేరులోనే వృత్తి నిలిచియున్నది. 1932లో నిజాము ప్రభుత్వ రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో సేవ నారంభించెను. గౌలిగూడలోని పెద్ద రేకుల కట్టడము బస్సుల నెలవయ్యెను. కష్టసుఖములలో ఒకరికొకరు తోడుగా నిలుచు ఇరుగుపొరుగు వారిది సముదాయము. ఒక ప్రయోజనమునకై నియమములతో నేర్పడిన రవాణా శాఖ సంస్థ. ఇట్టి భేదమునే జర్మను పండితుడు టోనీస్ 1887లో విపులముగా చర్చించెను.

1994లో ప్రధాన బస్సు స్టేషను ఇమ్లీబన్‌కు మారెను. 2018 జూలై 5న పాత రేకుల కట్టడము కూలిపోయెను. కట్టడము భౌతిక సంస్కృతి. కూలినను పేరు, అలవాటు, జ్ఞాపకము అభౌతిక సంస్కృతిగా మిగులును. భౌతిక సంస్కృతి వేగముగా మారుననియు, అలవాట్లు వెనుకబడుననియు అమెరికా శాస్త్రజ్ఞుడు ఆగ్‌బర్న్ 1922లో చెప్పెను. బస్సులో పక్కపక్కన కూర్చున్నవాడే ఇల్లు అద్దెకడుగ వచ్చినప్పుడు ముందుగా కులమడుగుట ఈ వెనుకబాటే.

పుట్టుకతో వచ్చు అంతస్తు ఆరోపితము, కృషిచే పొందునది ఆర్జితము. ఈ విభాగమును రాల్ఫ్ లింటన్ 1936లో చేసెను. కండక్టరు ఉద్యోగము ఆర్జితము; చీటీలిచ్చి ప్రయాణికుల నాదరించుట ఆ అంతస్తునకు తగిన పాత్ర. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించిన శ్యామాచరణ్ దూబే హైదరాబాదు సమీపమునందలి శామీర్‌పేటను పరిశీలించి 1955లో గ్రంథము ప్రకటించెను. కులము, వృత్తి, పరస్పరాధారము గ్రామజీవితమున నెట్లు పెనవేసికొన్నవో అందు కాననగును.

పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు ఈ ముడినే విప్పబూనెను. ఆయన కాయక సిద్ధాంతమున ఏ వృత్తియు హీనము కాదు; మనిషి విలువ జన్మమున గాక నడవడిలో నున్నది. అయినను లింగాయత కుటుంబమున పుట్టుట మాత్రము ఆరోపితమే. పుట్టుకనే గొప్పగా చెప్పుకొని ఆచారమును విడిచినచో, ఆయన త్రోసిపుచ్చిన కొలతనే తిరిగి చేపట్టినట్లగును.

తండ్రి సభలో సమానత్వమును బోధించి, ఇంటికి వచ్చిన పాలవానిని గడప వెలుపల నిలిపినచో బిడ్డ దేనిని నేర్చుకొనును? చెవికంటె కన్ను గొప్ప గురువు. సంస్కృతి ఏ తరమునకా తరము నేర్చుకొనునదే గనుక, మార్చుకొను బాధ్యతయు ఆ తరముదే.