ప్రయాణంలో దండెం

మీ బడి పిల్లలంతా ఆగస్టు నెలలో విశాఖపట్నం విహారయాత్రకి వెళ్లారనుకోండి. సంచి బరువెక్కకూడదని మాస్టారు రెండు జతల బట్టలే తెచ్చుకోమన్నారు. మొదటిరోజే సముద్రపుటొడ్డున ఒక జత తడిసి, ఇసుక కొట్టుకుపోయింది. రాత్రి సత్రం గదికి చేరాక మీరు చొక్కాని సబ్బుపెట్టి ఉతికారు, పిండారు, మంచం కోడుమీద వేసి పడుకున్నారు. దోమలొస్తాయని తలుపులూ కిటికీలూ మూసేశారు. తెల్లవారి చూస్తే ఏముంది? కాలరు తడి, జేబు తడి, చంకల దగ్గర తడి. పైగా ముక్కిన వాసన!

అదే చొక్కా ఇంటిదగ్గర పెరట్లో దండెంమీద వేస్తే రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది కదా. ఇక్కడ రాత్రంతా వేసినా ఎందుకు ఆరలేదు? "ఎండ లేదు కాబట్టి" అని మీరు వెంటనే జవాబు చెబుతారు. ఎండ సాయం చేస్తుందనేది నిజమే. కాని ఎండ లేకపోయినా బట్టలు ఆరతాయి. అసలు సంగతేమిటో చూద్దాం.

నీరు ఎక్కడికి పోతుంది?

నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరిగి ఆవిరవుతుందని మీరు చదువుకున్నారు. మరి 30 డిగ్రీల దగ్గర చొక్కాలోని నీరు ఎలా ఆవిరవుతుంది? నీటిలోని అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. కొన్ని మెల్లగా, కొన్ని చాలా చురుకుగా కదులుతుంటాయి. నీటి ఉపరితలం దగ్గర ఉన్న చురుకైన అణువులు పక్క అణువుల ఆకర్షణను తెంచుకొని గాలిలోకి దూకేస్తాయి. దీన్నే బాష్పీభవనం అంటారు. ఇది ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా జరుగుతుంది.

కాని ఒక చిక్కుంది. గాలిలో అప్పటికే ఉన్న నీటి ఆవిరి అణువులు తిరిగి బట్టలోకి వచ్చి చేరుతుంటాయి. పోయేవాటి సంఖ్య వచ్చేవాటికంటే ఎక్కువైనంతసేపే బట్ట ఆరుతుంది. రెండూ సమానమైతే ఎంతసేపు వేలాడదీసినా ఆ బట్ట ఆరదు! బట్ట దగ్గరి ఆవిరి పీడనానికీ, చుట్టూ ఉన్న గాలిలోని ఆవిరి పీడనానికీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే నీరు అంత త్వరగా ఆవిరవుతుందని ఇంగ్లండుకు చెందిన జాన్ డాల్టన్ అనే శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే చెప్పాడు. పదార్థాలు పరమాణువులతో ఏర్పడ్డాయని వివరించిన డాల్టన్ ఈయనే.

గది పట్టే నీరెంత?

ఇప్పుడు మన సత్రం గది లెక్క వేద్దాం. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. అంతకుమించి పట్టదు. ఆ రాత్రి సాపేక్ష ఆర్ద్రత 80 శాతం అనుకుందాం. అంటే ఆ గాలిలో అప్పటికే 24 గ్రాముల ఆవిరి ఉంది. ఇంకా పట్టేది 6 గ్రాములే.

గది పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లయితే అందులోని గాలి 27 ఘనమీటర్లు. 27ని 6తో గుణిస్తే 162 గ్రాములు. చేత్తో పిండిన నూలు చొక్కాలో 200 గ్రాముల నీరు మిగిలిందనుకోండి. చూశారా! తలుపులన్నీ మూసిన ఆ గదిలోని గాలి ఒక్క చొక్కాలోని నీటిని కూడా పూర్తిగా పట్టలేదు. పైగా గదిలో పడుకున్న నలుగురి ఊపిరిలోని ఆవిరి, చెమట కూడా ఆ గాలిలోనే చేరాలి. ఇక చొక్కా ఆరేదెలా?

అదే అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం 38 డిగ్రీల వేడి, 25 శాతం ఆర్ద్రత ఉన్నాయనుకుందాం. ఆ వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 46 గ్రాముల ఆవిరిని పట్టగలదు. ఉన్నది పదకొండు పన్నెండు గ్రాములే. ఇంకా 34 గ్రాములకు చోటుంది. అంటే ఆ గాలి దాహం మన సత్రం గాలి దాహంకంటే అయిదారు రెట్లు ఎక్కువన్నమాట.

చలికాలం రాత్రి అరకులోయలాంటి చోట సంగతి వేరు. 10 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి 9 గ్రాములకు మించి అంతగా పట్టదు. అందుకే అలాంటి చోట రాత్రి కాక, పొద్దెక్కాక ఉతకడమే తెలివైన పని.

కాబట్టి మొదటి సూత్రం గుర్తుంచుకోండి: బట్ట ఆరాలంటే తడిసిన గాలి బయటికి పోవాలి, కొత్త గాలి లోపలికి రావాలి. ఎదురెదురు కిటికీలు తెరవండి. దోమల బెడద ఉంటే దోమతెర కట్టుకోండి. కిటికీలు తెరిచి ఫ్యాను వేస్తే మరీ మంచిది. బట్టను అంటుకొని ఉండే పలుచని తడిగాలి పొరని ఫ్యాను చెదరగొడుతుంది. కాని కిటికీలు మూసి ఎంతసేపు ఫ్యాను తిప్పినా అదే తడిగాలి గదిలో గుండ్రంగా తిరుగుతుంది. గదిలో ఏసీ ఉంటే మాత్రం కిటికీలు మూసే ఉంచాలి. ఎందుకంటే ఏసీ గాలిలోని ఆవిరిని నీరుగా మార్చి గొట్టంద్వారా బయటికి పంపేస్తుంది. ఏసీ వెనక బొట్లుబొట్లుగా కారే నీరు అదే.

పిండితే వచ్చే లాభం

ఒక గ్రాము నీరు 30 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి సుమారు 580 కెలొరీల వేడి కావాలి. దీన్ని గుప్తోష్ణం అంటారు. ఈ సంగతిని 1760ల దశకంలో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ బయటపెట్టాడు. 200 గ్రాముల నీటికి ఎంత వేడి కావాలి? 1,16,000 కెలొరీలు! ఒక లీటరు కుళాయి నీటిని మరిగే స్థితికి తేవడానికి ఇంతకంటే తక్కువ వేడే చాలు. పెరట్లో ఈ వేడిని ఎండ ఇస్తుంది. రాత్రి గదిలో అయితే చుట్టూ ఉన్న గాలినుంచి అది మెల్లమెల్లగా రావాలి.

అందుకే ఆరేయడానికి ముందే వీలైనంత నీరు తీసెయ్యాలి. చేత్తో పిండి తీసిన ప్రతి గ్రాముకీ 580 కెలొరీలు మిగిలినట్లే. దీనికొక చక్కటి ఉపాయం ఉంది. పొడి తువాలుని మంచంమీద పరిచి, పిండిన చొక్కాని దానిమీద మడతలు లేకుండా పరచండి. రెంటినీ కలిపి చాపలా చుట్టండి. ఇద్దరు చెరోవైపు పట్టుకొని గట్టిగా మెలితిప్పండి. చొక్కాలోని నీరు తువాలులోకి వెళ్లిపోతుంది. దీపం వత్తి నూనెను పైకి లాగినట్లే, తువాలు దారాల మధ్య ఉన్న సన్నని సందులు నీటిని తమలోకి లాక్కుంటాయి. దీన్నే కేశనాళికీయత అంటారు. తువాలు తడుస్తుంది కాబట్టి దాన్ని కూడా ఆరేయడం మరిచిపోకండి.

బట్టలన్నీ ఒకేలా ఆరవు. మామూలు గాలిలో పొడిగా కనబడే నూలు బట్టలో కూడా దాని బరువులో 7, 8 శాతం నీరు ఉంటుంది. నూలు పోగు నీటిని తన లోపలికే తీసుకుంటుంది. పాలిస్టరు పోగు అలాకాదు. అది అర శాతం కూడా తీసుకోదు. నీరు పోగులమధ్య సందుల్లో మాత్రమే నిలుస్తుంది. అందుకే ప్రయాణానికి పలుచని, కలనేత బట్టలు అనువు.

సముద్రంలో తడిసిన బట్టల్ని మంచినీళ్లలో రెండుమూడు సార్లు జాడించాలి. సముద్రపు నీటిలోని లవణాలు బట్టలో మిగిలితే, అవి గాలిలోని తేమను పీల్చుకొని బట్టని ఎప్పుడూ చెమ్మగానే ఉంచుతాయి. వానాకాలంలో వంటింటి ఉప్పు చెమర్చడం మీరు చూసే ఉంటారు.

సంచిలో పట్టే దండెం

గదిలో ఏ కుర్చీమీదో, మంచం కోడుమీదో బట్టవేస్తే దానికి ఒకవైపే గాలి తగులుతుంది. దండెంమీద అయితే రెండువైపులా తగులుతుంది. కాబట్టి సంచిలో ఒక దండెం పెట్టుకెళ్లడం మంచిది. మూడు సన్నని నైలాను తాళ్లు, నాలుగేసి మీటర్లవి తీసుకోండి. వాటిని మూడు పాయల జడలా, కాస్త వదులుగా అల్లండి. రెండు చివర్లా ఒక్కొక్క ఉచ్చు వేసి ముడివేయండి. దండెం తయారు! చుడితే గుప్పిట్లో పడుతుంది.

జడ ఎందుకు అల్లాలి? మామూలు తాడుమీద తడిబట్టల బరువుకి మధ్యలో వంపు వస్తుంది. బట్టలన్నీ ఆ వంపులోకి జారి ఒకదానికొకటి అంటుకుపోతాయి. వాటి మధ్యకి గాలి వెళ్లదు. జడ పాయలమధ్య బట్ట అంచుని దూర్చితే పాయలు దాన్ని ఘర్షణతో పట్టి ఉంచుతాయి. క్లిప్పులతో పనిలేదు. బట్ట వేసినచోటే ఉంటుంది. బట్టకీ బట్టకీ మధ్య నాలుగంగుళాల ఎడం ఉంచండి.

వంపు రాకూడదని తాడుని బిగదీసి కట్టేరు సుమా! మేకులమధ్య దూరం 3 మీటర్లు, తడిబట్టల బరువు 2 కిలోలు, బరువంతా మధ్యలో ఉందనుకుందాం. తాడు 30 సెంటీమీటర్లు కిందికి వంగితే ఒక్కొక్క మేకుమీద సుమారు 5 కిలోల లాగుడు పడుతుంది. బిగదీసి 5 సెంటీమీటర్లే వంగేలా కడితే? ఏకంగా 30 కిలోలు! రెండు కిలోల బట్టలు మేకుని గోడలోంచి ఊడబెరికేది ఇలాగే. తాడులోని ఈ లాగుడుని తన్యత అంటారు. తాడు ఎంత అడ్డంగా ఉంటే, బరువుని పైకి మోయడానికి అంత ఎక్కువ తన్యత కావాలి. బట్టల్ని దండెం పొడవునా సమానంగా పరిస్తే ఈ బలం దాదాపు సగానికి తగ్గుతుంది.

దండెం కట్టేముందు కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. కరెంటు తీగలకీ, స్విచ్చి బోర్డులకీ, ఫ్యానుకీ ఎన్నడూ కట్టకండి. చీకట్లో ఎవరి మెడకైనా తగిలేలా నడిచే దారికి అడ్డంగా కట్టకండి. త్వరగా ఆరుతుందని బల్బుమీదా, హీటరుమీదా బట్టవేయకండి. నిప్పంటుకోవచ్చు.

"ఒంటిమీదే ఆరిపోతుందిలే" అనవద్దు

చెమ్మగా ఉన్న చొక్కానే తొడుక్కుంటే ఏమవుతుంది? అందులో 50 గ్రాముల నీరుంటే, అది ఆవిరి కావడానికి 29,000 కెలొరీల వేడి కావాలి. అందులో ఎక్కువ భాగం మీ ఒంటినుంచే పోతుంది. కొండప్రాంతంలో చల్లగాలి వీచే వేళ ఇది ప్రమాదం కూడా. చలికి వణుకు పుడుతుంది. ఇక బట్ట చాలాసేపు చెమ్మగా ఉంటే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ముక్కిన వాసన వాటి పనే. చొక్కా ఆరిందో లేదో తెలియాలంటే కాలరునీ, కుట్లు పడ్డచోట్లనీ చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్లే. బాష్పీభవనం అక్కడ ఇంకా సాగుతోందన్నమాట.

చేసి చూడండి

ఒకే రకమైన మూడు చేతిరుమాళ్లను తడిపి, ఒకేలా పిండండి. ఒకదాన్ని నాలుగు మడతలు పెట్టి కుర్చీమీద వేయండి. రెండోదాన్ని తలుపులు మూసిన గదిలో దండెంమీద పరచండి. మూడోదాన్ని కిటికీలు తెరిచి ఫ్యాను వేసిన గదిలో దండెంమీద పరచండి. ప్రతి అరగంటకీ చెంపకి ఆనించి చూసి, ఏది ఎప్పుడు ఆరిందో పుస్తకంలో రాసుకోండి. తర్వాత ఇదే ప్రయోగాన్ని వాన కురిసే రోజున ఒకసారి, పొడిగా ఉన్న రోజున ఒకసారి చేసి, అంకెల్ని పోల్చండి.

బడిలో రెండు ఉష్ణమాపకాలు దొరికితే, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి రెంటినీ పక్కపక్కన వేలాడదీసి విసరండి. తడిగుడ్డ చుట్టినది తక్కువ చూపిస్తుంది. ఆ తేడా ఎంత ఎక్కువుంటే గాలి దాహం అంత ఎక్కువ. తేడా ఏమీ లేకపోతే ఆరోజు బట్టలు ఉతకడం వాయిదా వేయడం మంచిది!

చివరగా ఒక ప్రశ్న. లడఖ్‌లోని లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో అక్కడ ఆరుబయట వేసిన తడిబట్టలు గడ్డకట్టి అట్టముక్కల్లా బిగుసుకుపోతాయి. అయినా క్రమంగా ఆరతాయి. కర్పూరపు బిళ్లను మూత తీసి ఉంచితే, కరిగి నీరవకుండానే కొన్నాళ్లకు మాయమవుతుంది కదా. ఈ రెంటికీ సంబంధం ఏమిటి? ఆలోచించి, మీ సైన్సు మాస్టారితో చర్చించండి.