కాదనుటకు వలయు బలము

అత్తిలి.

చిరంజీవి మనుమరాలికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది. సార్వా ఊడ్పులు ముగింపునకు వచ్చినవి. కాలువ నిండుగా పారుచున్నది. నీ ఉత్తరము చేరినది. టీం లీడు పదవి లభించినదని చదివి సంతోషించితిని.

నీవు తప్పక చూడుమన్న కొరియా ధారావాహిక ‘సెర్చ్: డబ్ల్యు డబ్ల్యు డబ్ల్యు’ను మీ మామయ్య టీవీలో పెట్టగా పదునారు భాగములును చూచితిని. 2019లో టీవీఎన్ ఛానెలున వెలువడిన ఆ కథలో యూనికాన్, బారో అను రెండు ఇంటర్నెట్ సంస్థల పోటీయు, దానిని నడుపు తామి, హ్యోన్, గాగ్యోంగ్ అను ముగ్గురు వనితల వాక్పటిమయు, ఆశయమును ఆగ్రహమును మగవారి సొత్తుగా విడువక వారు నిస్సంకోచముగా తమవి చేసికొనిన తీరును నన్నును ఆకర్షించినవి. అయితే ‘వారిలాగా మాట్లాడడం నేర్చుకోవాలి అమ్మమ్మా’ అని నీవు వ్రాసినచోట మాత్రము నాకు ఒక మాట చెప్పవలెనని తోచినది. ఆ వాక్కు వారి బలమునకు ఫలమే గాని మూలము కాదు.

అధికారమనగా పదిమందిని ఆజ్ఞాపించుట యని లోకము తలంచును. ఉద్యోగము చేయు స్త్రీ విషయమున దాని తుది పరీక్ష వేఱు: చేయరాని పనిని ‘చేయను’ అనగలుగుట, అనిన పిమ్మట నిలువగలుగుట. ఈ ధర్మమును తెలిసికొనుటకు సియోలు నగరము దాక పోనక్కఱలేదు. ఊడ్పుల ముఠాను నడుపు ఆడ మేస్త్రిని చిన్ననాడు మన చేలగట్లమీద నీవును చూచియుందువు. తెల్లవారుచుండగనే వచ్చి, చేనిలోనికి ఒక కాలు దింపి, బురద మెత్తగా దిగుచున్నదో గడ్డలు తగులుచున్నవో పాదముతోనే పరీక్షించి, దమ్ము సరిగా పడలేదని తోచినచో ‘ఇంకోసారి దమ్ము చేయించండి బాబుగారండీ, అప్పుడు దిగుతాం’ అని, కుచ్చెళ్లు ఎగదోపుకొని సిద్ధముగా నున్నవారిని వెనుకకు మరలించును. ఆసామి ఆ మాటకు తలయొగ్గుట ఆమె గొంతు పెద్దదగుటచేత కాదు. ఆ అదనులో ఆమె ముఠా కొఱకు మఱి నాలుగు చేలవారు కాచుకొని యుండుటచేతను, నాటుటలో ఆమె చేయి ఎవ్వరికిని తీసిపోకుండుటచేతను, ఆమె కాదన్న చేనిలో తక్కినవారిలో ఒక్కతెయు అడుగు పెట్టదని అతడెఱిగి యుండుటచేతను.

మన భానుమతిగారి చరిత్రలో ఇదే విషయము మఱింత విశదమగును. 1939లో ‘వరవిక్రయం’తో చిత్రసీమను ప్రవేశించిన ఆమె, భర్త రామకృష్ణారావుగారితో కూడి భరణీ పిక్చర్సును నెలకొల్పి, ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’ చిత్రములను నిర్మించి, 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటను స్వయముగా దర్శకత్వము వహించి వెలువరించిరి. అట్టి యామె ‘మిస్సమ్మ’లో కొంతభాగము నటించిన తరువాత, షూటింగుకు ఆలస్యముగా వచ్చినందులకు క్షమాపణ చెప్పవలెనని నిర్మాత చక్రపాణిగారు పట్టుపట్టగా ససేమిరా యనిరనియు, అంతట ఆ పాత్ర సావిత్రికి దక్కినదనియు సినీలోకమున ప్రసిద్ధము. 1955లో విడుదలైన ఆ చిత్రము సావిత్రి కీర్తికి సోపానమైనది. ఎవరిది న్యాయమో తీర్చుట నా పని కాదు. నీవు గమనింపవలసినది ఇది: భానుమతిగారికి నష్టము లేకపోలేదు, కాని ఆ నష్టమును భరించుటకు సొంత సంస్థయు, తన పాటను తానే పాడుకొను కంఠమును, కథలు వ్రాయు కలమును ఆమెకు కలవు. ఇవి యేవియు లేని నటి అదే మాట అనియున్నచో మఱునాటికి తెరమఱుగై యుండెడిది.

ఇందుకు భిన్నముగా ఆ ధారావాహికలోని గాగ్యోంగును చూడుము. యూనికానులో డైరెక్టరు, ఆమె నడచి వచ్చుచున్నదనిన ఆఫీసంతయు సర్దుకొని కూర్చుండును. అయినను ఆ పదవి అత్తగారి సామ్రాజ్యములోని ఒక గది మాత్రమే యగుటచే, తన మనస్సొప్పని పనులకును తలయూపవలసి వచ్చినది. ‘అత్తగారి కథలు’ వ్రాసి తెలుగువారిని నవ్వించిన భానుమతిగారు ఆ యత్తగారిని చూచియున్నచో ఏమి వ్రాసెడివారో!

గొంతు ఎత్తకయే నిలిచినవారును కలరు. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మద్రాసున జన్మించి, పదునెనిమిదవ యేటనే చంకలో పసికందుతో భర్తను కోల్పోయి, పుట్టింటివారి అండతో, తండ్రి ఆచార్యులుగా నున్న గిండీ కళాశాలలో విద్యుత్తు ఇంజనీరింగు చదివి 1943లో ఉత్తీర్ణులైరి. మగవారికొఱకే అచ్చొత్తించిన ఆ పట్టాలో ‘అతడు’ అని యున్నచోట కొట్టివేసి ‘ఆమె’ అని చేతితో దిద్దవలసి వచ్చినదట. పిదప కలకత్తాలో విద్యుత్ ప్రసార మార్గములకును సబ్‌స్టేషన్లకును రూపకల్పన చేసి, భాక్రానంగల్ పనిలో పాలుపంచుకొని, 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సమావేశమునకు వెళ్లిరి. తనకు వచ్చిన విద్య ఎదుటివారికి అవసరమగుటయే ఆమె బలము.

ఇక నీ సంగతి. పరీక్షింపని ప్రోగ్రామును పరీక్షించితిమని క్లయింటుకు మెయిలు పెట్టుమని పైయధికారి ఒత్తిడి చేయుచున్నాడంటివి. సంస్థ పక్షమున విచారణసభలో వాదించి గెలిచిన తామినే ఆ సంస్థ తుదకు బలిపశువును చేసినది కదా! కావున ఆ మెయిలు నీ పేరుతో పోరాదు. కోపపడకుము, ధారావాహికలోని సంభాషణలను అప్పగింపకుము. ఏ పరీక్షలు ముగిసినవో, ఏవి మిగిలినవో, ఎన్ని దినములు వలయునో లెక్కతో అతనికే వ్రాసి పంపుము. నోటిమాటగా వచ్చిన ఆజ్ఞకు వ్రాతపూర్వకమైన సమాధానమే రక్ష. నీ క్రింద పనిచేయు పిల్లల శ్రమను మీటింగులో వారి పేరుతోనే చెప్పుము. రేపు నీవు కాదనినపుడు వారును నీతో నిలుతురు. నీవు తలపెట్టిన కారు లోను మాట తరువాత చూతము. ముందు ఆరు నెలల ఖర్చునకు సరిపడు సొమ్ము నీ ఖాతాలో చేరనిమ్ము.

ఇంత చేసినను ఉద్యోగము పోయినచో, వెంటనే మఱియొకటి దొరకలేదని దిగులుపడి ఏ కాగితముమీదనో సంతకము చేయవలదు. నా టీచరు పెన్షను నెలనెలా వచ్చుచునే యున్నది, మనకిద్దఱికిని సరిపోవును.

ఇట్లు,
మీ అమ్మమ్మ