వేరుబుడిపె పురుగు జన్యుపటం మనకు ఏం చెబుతోంది?



మనలో చాలామంది రైతు కుటుంబాల నుండి, కూలి కుటుంబాల నుండి వచ్చినవాళ్ళం. వంగ, టమాట, బెండ తోటల్లో అక్కడక్కడ మొక్కలు గిడసబారి, ఆకులు పసుపు రంగుకు తిరిగి, నేలలో తడి ఉన్నా మధ్యాహ్నానికి వడలిపోవడం చూసే ఉంటాం. ఎరువు చాలలేదేమోనని అప్పు చేసి మరో బస్తా యూరియా వేస్తారు. అయినా మొక్క కోలుకోదు. అటువంటి మొక్కను పీకి చూస్తే కొన్నిసార్లు వేళ్ళ నిండా ముడులు ముడులుగా బుడిపెలు కనిపిస్తాయి. అంటే జబ్బు ఆకులో లేదు, వేరులో ఉంది. దీనికి కారణం కంటికి ఆనని ఒక నులిపురుగు. దీన్నే నెమటోడ్ అంటారు. వీటిలో ముఖ్యమైన దాని పేరు మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా. లాటిన్ భాషలో ‘ఇన్‌కాగ్నిటా’ అంటే ‘తెలియనిది’ అని అర్థం. ఈ తెలియని శత్రువు గురించి దాని జన్యువుల ద్వారా ఏం తెలిసిందో చూద్దాం.

పురుగు బ్రతికే తీరు

గుడ్డు నుండి వచ్చే పిల్లపురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అది లేత వేరు కొన దగ్గర లోపలికి దూరుతుంది. దాని నోటిలో సూదివంటి ముల్లు ఉంటుంది. ఆ ముల్లు ద్వారా తన గ్రంథుల రసాన్ని వేరు కణాల్లోకి పంపుతుంది. అప్పుడు ఆ కణాల్లో కేంద్రకాలు విభజన చెందుతాయి గానీ కణం మాత్రం రెండుగా చీలదు. ఒక్కో కణంలో అనేక కేంద్రకాలు చేరి అది పెద్దదవుతుంది. వీటినే రాక్షస కణాలు అంటారు. మొక్క తయారుచేసుకున్న ఆహారం అక్కడికి చేరుతుంది, పురుగు కదలకుండా కూర్చుని పీల్చుకుంటుంది. ఆడపురుగు బేరిపండు ఆకారంలో ఉబ్బి, జిగురు సంచిలో వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. వెచ్చని నేలలో సుమారు నెల రోజులకు ఒక తరం పూర్తవుతుంది. కావున ఒకే పంటకాలంలో అనేక తరాలు పుడతాయి.

జన్యుపటం చదివిన క్రమం

జీవి నిర్మాణానికి, జీవక్రియలకు కావలసిన సమాచారమంతా డీఎన్ఏలో ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో ఉంటుంది. ఆ మొత్తం సమాచారాన్నే జీనోమ్ అంటారు. బహుకణ జీవుల్లో మొట్టమొదట చదివింది కూడా ఒక నులిపురుగు జీనోమ్‌నే. అది బాక్టీరియాను తిని బ్రతికే సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. 1998లో దాని 9.7 కోట్ల అక్షరాలను ప్రకటించారు. పదేళ్ళ తరువాత, 2008లో, ఫ్రాన్స్‌కు చెందిన పియర్ అబాద్ బృందం మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా జీనోమ్‌ను ప్రకటించింది. అదే సంవత్సరం దాని దగ్గరి చుట్టమైన మెలాయిడోగైన్ హాప్లా జీనోమ్‌ను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

తెలిసిన విషయాలు

1. బాక్టీరియా నుండి వచ్చిన జన్యువులు: మొక్క కణానికి సెల్యులోజ్ గోడ ఉంటుంది. ఆ గోడను కరిగించే ఎంజైమును జంతువులు సొంతంగా తయారు చేసుకోలేవని చాలాకాలం భావించారు. ఆవు కూడా గడ్డిని తన కడుపులోని సూక్ష్మజీవుల సాయంతోనే అరిగించుకుంటుంది. కానీ బంగాళాదుంప, సోయాబీన్ వేళ్ళకు పట్టే నులిపురుగుల్లో ఆ ఎంజైము జన్యువు సొంతంగా ఉన్నట్లు 1998లో కనుగొన్నారు. ఇన్‌కాగ్నిటా జీనోమ్‌లో కణగోడలను కరిగించే ఇటువంటి ఎంజైములు సుమారు 60 కనిపించాయి. వీటిలో చాలావాటి పోలిక బాక్టీరియా జన్యువులతోనే కుదురుతుంది. అంటే ఎప్పుడో పూర్వకాలంలో అవి బాక్టీరియా నుండి పురుగులోకి వచ్చి చేరాయి. మన వేళ్ళను తొలిచే పనిముట్లు పురుగుకు అలా దొరికాయి.

2. మగ తోడు లేని సంతానం: ఇన్‌కాగ్నిటా ఆడపురుగు మగపురుగుతో కలవకుండానే గుడ్లు పెడుతుంది. పిల్లలన్నీ తల్లికి నకళ్ళు. అటువంటి జీవి కొత్త పరిస్థితులకు త్వరగా అలవాటుపడలేదని అనుకుంటాం. కానీ ఇది వేలకొద్దీ మొక్కజాతుల మీద బ్రతుకుతోంది. 2017లో మరింత వివరంగా చదివినప్పుడు దీని జీనోమ్ సుమారు 18.4 కోట్ల అక్షరాలని తేలింది. దాని పూర్వీకులు వేర్వేరు జాతుల సంకరం వల్ల పుట్టినందున ఒకే జన్యువుకు కొద్ది తేడాలతో రెండు, మూడు ప్రతులు ఉన్నాయి. పురుగుకు ఈ వెసులుబాటు రావడానికి ఆ తేడాలు ఒక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

3. ఎక్కడ దెబ్బకొట్టాలి: ఒక జన్యువును ఆర్‌ఎన్‌ఏ సాయంతో పనిచేయకుండా ఆపవచ్చని ఫైర్, మెల్లో అనే శాస్త్రజ్ఞులు 1998లో సి. ఎలిగాన్స్‌లోనే నిరూపించి, 2006లో నోబెల్ బహుమతి పొందారు. అదే 2006లో ఈ పద్ధతితో వేరుబుడిపె పురుగు జన్యువు ఒకదానిని ఆపే విధంగా అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కను తయారు చేయగా దాని వేళ్ళకు బుడిపెలు బాగా తగ్గాయి. ఇది ప్రయోగశాలలో వచ్చిన ఫలితం.

మన పొలాలకు సంబంధించిన మాట

టమాటలో ఈ పురుగును తట్టుకునే ‘ఎమ్ఐ’ అనే జన్యువు ఉంది. దానిని దక్షిణ అమెరికాకు చెందిన ఒక అడవి టమాట నుండి 1940లలో సంకరం ద్వారా తెచ్చారు. అయితే నేల వేడి 28 డిగ్రీలు దాటితే ఈ జన్యువు సరిగా పనిచేయదు. పైగా దానిని దాటుకొని బ్రతికే పురుగులు కూడా తయారయ్యాయి. మన ఎండల్లో నేల సులభంగా 28 డిగ్రీలు దాటుతుంది. కావున విత్తనం ఒక్కదాన్నే నమ్ముకోరాదు. ఈ జాగ్రత్తలు కూడా అవసరం:

* వేసవిలో లోతుగా దున్ని నేలను ఎండనివ్వాలి.
* బుడిపెలున్న వేళ్ళను పొలంలో వదలకుండా ఏరి కాల్చివేయాలి.
* వంగ తరువాత టమాట, టమాట తరువాత బెండ వేయరాదు. మధ్యలో బంతి వేస్తే మంచిది.
* నారు తెచ్చేటప్పుడు వేళ్ళు చూసి తీసుకోవాలి. నారుమడిలో వేపపిండి వేయాలి.

ఒక హెచ్చరిక: పెసర, వేరుశనగ వేళ్ళకు మేలుచేసే రైజోబియం బుడిపెలు కూడా ఉంటాయి. అవి వేరు పక్కన అతుక్కొని ఉంటాయి, గోటితో గీకితే ఊడివస్తాయి. నులిపురుగు బుడిపె వేరే ఉబ్బి ఏర్పడేది కాబట్టి ఊడిరాదు. ఈ తేడా తెలియక మేలు చేసేదానిని చంపుకోకూడదు.

బైపీసీ చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఈ జన్యుపటాలను శాస్త్రజ్ఞులు ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా ఉంచారు. వాటిని చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు, ఒక కంప్యూటరు, ఓపిక ఉంటే చాలు. మన ఊరి పంటల సమస్యలు మనకు తెలిసినంతగా ఇతరులకు తెలియవు. అటువంటి మనం ఈ శాస్త్రంలోకి వెళ్తే మన వాళ్ళకు మేలు జరుగుతుంది. ముందుగా ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వాడిన మొక్క ఒకటి పీకి వేళ్ళు చూడండి. బుడిపెలు కనిపిస్తే మరో బస్తా ఎరువు కొనకముందే ఇంట్లోవాళ్ళకు ఈ విషయం చెప్పండి.