వకీలు గారి పెట్టెలో పాత దస్తావేజులు: చదవడం, భద్రపరచడం ఎలా?

పాతకాలపు వకీళ్ల ఇళ్లలో అటక మీదో, బీరువా అడుగునో గుడ్డలో కట్టిన కాగితాల మూటలు ఇప్పటికీ కనిపిస్తాయి. దావా కోసమో, తనఖా విడుదల కోసమో కక్షిదార్లు తెచ్చి ఇచ్చిన దస్తావేజులవి. పని తీరాక కొందరు వాటిని తీసుకెళ్లలేదు. కొందరి వారసులకు అవి అక్కడున్న సంగతే తెలియదు. చివరికి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మూట మూటగా పాత పేపర్ల తూకానికి పోతాయి. ఊరి చెరువులు, పుంతలు, ధరలు, ఆడపడుచుల ఆస్తి హక్కులు సాక్షుల ఎదుట నమోదైన కాగితాలవి. అలాంటి మూట మీ చేతికొస్తే ఇలా చేయండి.

1. మూటను చెదరగొట్టకండి

ముందు ఉన్నదున్నట్టు ఫొటో తీయండి. ఎవరింట్లో, ఏ పెట్టెలో దొరికిందో రాసి పెట్టుకోండి. ఒకే భూమి చేతులు మారిన లింకు దస్తావేజులను గుమాస్తా వరుసగా కుట్టి ఉంటాడు. ఆ వరుస చెడితే కథ తెగిపోతుంది. తర్వాత ప్రతి కాగితం వెనక మూలన పెన్సిలుతో చిన్నగా నంబరు వేయండి. పెన్ను వాడొద్దు.

2. మెల్లగా విప్పండి

తుప్పు పట్టిన గుండుసూదులు జాగ్రత్తగా తీసేయండి. దుమ్మును మెత్తటి పొడి బ్రష్షుతో దులపండి. చిరుగులకు సెల్లోటేపు వేయకండి, దాని జిగురు కొన్నేళ్లకు పచ్చటి మరకై కాగితంలోకి ఇంకుతుంది. లామినేషన్ అసలే వద్దు. మడత పెళుసెక్కి విరిగేలా ఉంటే బలవంతం చేయక, తెలిసినవారికి చూపించండి.

3. తేదీ, పేర్లు పట్టుకోండి

పై వరుసల్లో తెలుగు సంవత్సరం, మాసం, తిథి ఉంటాయి, పక్కనే ఇంగ్లీషు తేదీ. అది చెరిగిపోయినా దారి ఉంది. ‘ప్రభవ’ అని ఉండి, స్టాంపు మీద 5వ జార్జి బొమ్మ ఉంటే అది 1927-28 నాటిదే. ఎందుకంటే ప్రభవ 60 ఏళ్లకోసారే వస్తుంది, ఆ రాజు ఏలుబడిలో వచ్చింది అదొక్కటే. హైదరాబాద్ సంస్థానపు కాగితాల్లో ఉర్దూ, ఫసలీ సంవత్సరం ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే దాదాపు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

తర్వాత రాసి ఇచ్చినవారెవరు, రాయించుకున్నవారెవరు, అది క్రయమా, తనఖానా, దానమా, భాగ పంపిణీయా అన్నది చూడండి. ‘నిధి నిక్షేప జల తరు పాషాణాది’ అంటూ సాగే భాగం చూసి బెదరకండి. భూమితో పాటు అందులోని నీరు, చెట్లు, రాళ్లు, పాతర కూడా కొన్నవారివేనని దాని భావం.

4. లెక్కలు సరిగా చదవండి

‘య 2-35’ అని ఉంటే కోస్తాలో రెండెకరాల 35 సెంట్లు. అదే తెలంగాణలో రెండెకరాల 35 గుంటలు, అంటే దాదాపు మూడెకరాలు! ఎకరానికి అక్కడ 100 సెంట్లు, ఇక్కడ 40 గుంటలు మరి. డబ్బుకు వస్తే రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 100 నయాపైసల లెక్క 1957 ఏప్రిల్‌లో వచ్చింది. నిజాం హాలీ సిక్కా 7 రూపాయలు, బ్రిటిష్ ఇండియా 6 రూపాయలకు సమానంగా చెల్లేవి.

5. హద్దుల దగ్గర ఆగండి

దస్తావేజులో చరిత్ర ఎక్కువగా ఉండేది ఇక్కడే. తూర్పున ఫలానావారి మామిడితోట, దక్షిణాన పుంత, పడమర పంటబోదె, ఉత్తరాన చెరువు గట్టు అని రాసి ఉంటుంది. ఇవాళ అక్కడ చెరువు లేకపోవచ్చు, పుంత ఇళ్ల మధ్య కలిసిపోయి ఉండొచ్చు. అవి ఒకప్పుడు ఉన్నాయనడానికి ఈ నాలుగు వరుసలే ఆధారం. వాటిని అక్షరం మార్చకుండా రాసుకోండి.

6. వెనక పేజీ చూసి, సరిచూసుకోండి

స్టాంపు ఎవరు ఎప్పుడు కొన్నారో, ఎన్నో పుస్తకంలో ఏ వాల్యూములో ఏ నంబరుగా రిజిస్టరయిందో అక్కడే ఉంటుంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి పత్రాలు 1వ పుస్తకంలో నమోదవుతాయి. రుసుము కడితే దాన్ని ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలుండే 3వ పుస్తకానికి ఇంత వెసులుబాటు లేదు. ఒక మాట గుర్తుంచుకోండి: పాత దస్తావేజు ఉన్నంత మాత్రాన భూమి ఇవాళ మీదైపోదు. అయితే 30 ఏళ్లు దాటిన పత్రం, ఉండాల్సినవారి దగ్గరే ఉందని రుజువైతే, అందులోని సంతకం నిజమైనదేనని కోర్టు భావించవచ్చు. భారతీయ సాక్ష్య అధినియంలోని 92వ సెక్షను ఇదే చెబుతుంది. దొరికిన చోటు రాసుకోమన్నది ఇందుకు కూడా.

7. సొంతదారుకు, ఆపై ఆర్కైవ్స్‌కు

ఈ కాగితాలు కక్షిదార్లవి. వకీలు చనిపోయినా వారి గుట్టు వారిదే. కాబట్టి ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకండి. వారసులను వెతికి అప్పగించండి. వారికి అక్కర్లేదంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకుని తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ వంటి సంస్థను, లేదా దగ్గరి విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని సంప్రదించండి. అప్పటిదాకా చెమ్మ, ఎండ తగలని చోట, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, పడుకోబెట్టి ఉంచండి.

ఇంగ్లండులో 1925 నాటి ఆస్తి చట్టాల తర్వాత పాత దస్తావేజుల అవసరం తగ్గి, ఎన్నో చెత్తకు పోసాగాయి. 1932లో ఏర్పడిన బ్రిటిష్ రికార్డ్స్ అసోసియేషన్ సొలిసిటర్ల ఆఫీసుల నుంచి వాటిని సేకరించి కౌంటీ రికార్డు ఆఫీసులకు చేర్చింది. మన ఊళ్లకూ ఆ పని కావాలి. మీకు తెలిసిన వకీలు కుటుంబం ఉంటే ఈ వారమే అడగండి. తూకానికి వేసే ముందు ఒక్కసారి చూడనివ్వమనండి.