ముందు ప్లస్సా మైనస్సా చూడు

పత్తికొండ

శైలజా,

"డిగ్రీలో ప్రతి లెక్కకూ జవాబు వచ్చేది మామా, ఎమ్మెస్సీలో సగం డిఫరెన్షియల్ ఈక్వేషన్లకు జవాబే లేదంటున్నారు" అని ఫోన్లో దిగాలుపడ్డావు. జవాబు ఉంటుందమ్మా, సూత్రంగా రాయడానికే వీలుండదు. సూత్రం దొరక్కపోయినా చెప్పగలిగింది చాలా ఉంటుంది. నువ్వు నేర్చుకోవాల్సింది అదే.

మన ఊరి లెక్కే చూద్దాం. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1827 జులై 6న కలరాతో పోయింది పత్తికొండలోనే. సరిగ్గా నూరేళ్లకు, 1927లో, కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు అంటురోగాలు పాకే తీరుకు ఈక్వేషన్లు రాశారు. మెకెండ్రిక్ ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు. ఆయన్ని ఈ లెక్కల వైపు తిప్పింది రొనాల్డ్ రాస్, 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టినాయన.

వెయ్యిమంది ఉన్న ఊరనుకో. రోజూ కొత్తగా జబ్బుపడేవాళ్లు: సోకనివాళ్లు × రోగులు × 0.0005. రోజూ కోలుకునేవాళ్లు: రోగులు × 0.2. ఈ రెండింటి తేడానే రోగుల సంఖ్య మారే రేటు. రెండు చోట్లా ఉన్న రోగుల సంఖ్యను కామన్ తియ్యి. బ్రాకెట్లో మిగిలేది: సోకనివాళ్లు × 0.0005 − 0.2. సోకనివాళ్లు 400కు పైన ఉన్నంతకాలం అది ప్లస్, జబ్బు పెరుగుతుంది. 400కు దిగువకు రాగానే మైనస్, తగ్గుముఖం పడుతుంది. ఒక్క ఇంటిగ్రేషన్ చేయలేదు. ఊరంతా మంచం పట్టకముందే జబ్బు ఎందుకు వెనక్కి తగ్గుతుందో మాత్రం తేలిపోయింది.

ఈ పద్ధతిలో మనవాళ్లూ పెద్ద పనే చేశారు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన వి. లక్ష్మీకాంతం, ఎస్. లీలతో కలిసి 1969లో డిఫరెన్షియల్ ఇనీక్వాలిటీల మీద గ్రంథం తెచ్చారు. ఈక్వేషన్‌ను సాధించకుండానే దాని జవాబు ఏ హద్దు దాటదో చెప్పడం అందులోని అసలు పని.

నువ్వు చేయాల్సింది కూడా చెప్తా. ఏ ఈక్వేషన్ ఇచ్చినా ముందు రేటు సున్నా అయ్యే చోట్లు వెతుకు. వాటికి అటూ ఇటూ రేటు ప్లస్సో మైనస్సో చూసి, పెరుగుతుందో తగ్గుతుందో చూపే బాణాలు గీయి. కంప్యూటర్ జోలికి ఆ తర్వాతే పో. రెండు మూడు ఈక్వేషన్లు కలిసి వస్తే ఐగెన్ విలువలు కావాలి, అవి గట్టిగా రాకపోతే లీనియర్ ఆల్జీబ్రా మళ్లీ తిరగేయి, సిగ్గుపడాల్సిందేం లేదు. చివరగా, మోడల్లో ఏది వదిలేశామో అడుగు. కలరా నీళ్లలో పాకే జబ్బు, పైన మనం రాసిన లెక్కలో నీళ్ల ఊసే లేదు. తాగేనీళ్లలో క్రిమికి ఇంకో ఈక్వేషన్ కలపాల్సిందే. ఇది మాస్టర్లు అడగకపోయినా నువ్వు అడుగు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక లెక్క చేసుకుని రా. మన మార్కెట్లో టమోటా ధర పలికిన ఏడు చుట్టుపక్కల రైతులంతా అదే వేస్తారు, మరుసటి పంటకు ధర పడిపోతుంది, దాంతో వేసేవాళ్లు తగ్గుతారు, మళ్లీ ధర ఎక్కుతుంది. ఈ ఊగిసలాట ఎప్పుడు సద్దుమణుగుతుంది, ఎప్పుడు ముదురుతుంది? ధరకు రైతు స్పందించే తీరునూ, కొనేవాళ్లు స్పందించే తీరునూ పక్కపక్కన పెట్టి చూడు. సూత్రం కంఠతా పట్టి అప్పజెప్తే ఒప్పుకోను, కాగితం మీద బొమ్మ కావాలి.

ఇట్లు,
నీ పెద్దమామ