రక్తపిశాచ కథలు: ఎవరికేది తగును?

భయము గొల్పు కథలయందు బాలురకే కాదు, పెద్దలకును మక్కువ మెండు. మన కొడవలూరు ప్రాంతమున చింతచెట్టు మీది దయ్యమును గూర్చియు, వల్లకాటి కొరివిదయ్యమును గూర్చియు వినని బాలుడు అరుదు. ఇట్టి కథల పుస్తకములు చదువవచ్చునా, చదివిన నేవి చదువవలెను అని విద్యార్థులును, వారి తల్లిదండ్రులును అడుగుచుందురు. చదువవచ్చుననియే మా యభిప్రాయము. కాని లోకము భిన్నరుచి గదా! కావున, చచ్చియు చావక బ్రదికినవారి నెత్తురు త్రాగు రక్తపిశాచమును గూర్చిన గ్రంథములలో ఎవరికేది తగునో యిచట వివరింతుము.

పరదేశపు గ్రంథములకు ముందు మన బేతాళుని తలచుకొనుట న్యాయము. క్రీ.శ. 11వ శతాబ్దమున కాశ్మీరకవి సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున బేతాళుని కథలు ఇరువదియైదు గలవు. నెల్లూరిలో నాటక సమాజమును నెలకొల్పిన వేదము వేంకటరాయశాస్త్రిగారు (1853–1929) ఆ మహాగ్రంథమును తెలుగు వచనమున వెలయించిరి. బేతాళుడు శవము నావహించువాడే కాని నెత్తురు త్రాగువాడు కాడు. అయినను 1870లో రిచర్డు బర్టను ఈ కథలను కొన్నిటిని ఇంగ్లీషున వ్రాసి తన పుస్తకమునకు ‘విక్రముడును వాంపైరును’ అను నర్థమిచ్చు పేరుంచెను. చిక్కుప్రశ్నలును తర్కమును ఇష్టపడువారు దీనితోనే యారంభింపవలెను. రాజు మౌనముగా శవమును మోయవలెను. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయును. సమాధానము తెలిసియు చెప్పకున్న రాజు తల పగులును. చెప్పెనేని మౌనము చెడి శవము మరల చెట్టెక్కును. ఈ నియమమును చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. కడపట దీనితో మాకు పని గలదు.

ధర్మసందేహములు గల కథ కోరువారికి జాన్ పోలిడోరి వ్రాసిన ‘ది వాంపైర్’ తగును. ఇతడు బైరను కవికి వైద్యుడు. 1816 వేసవిలో జెనీవా సరస్సు చెంత, వానలచే వెలికి పోలేక, కొందరు మిత్రులు దయ్యముల కథలు వ్రాయబూనిరి. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818) అచటనే మొలకెత్తెను. పోలిడోరి కథ 1819లో వెలువడెను. ఇందు ఆబ్రీ యను యువకుడు, ఒకని మరణమును గూర్చియు నేరములను గూర్చియు ఏడాది దాక ఎవరికిని చెప్పనని ప్రమాణము చేయును. చచ్చెననుకొన్నవాడు మరల వచ్చి తన చెల్లెలినే పెండ్లాడబోవుచుండగా ఆ ప్రమాణమునకు కట్టువడి యల్లాడును. గడువు తీరి నోరు విప్పునప్పటికి ఆమె బలియైపోయెను. మాట నిలుపుకొనుట యెప్పుడు ధర్మము, ఎప్పుడు కాదు? దీనిని గూర్చి తరగతిలో వాదము పెట్టుకొనవచ్చును.

సాహసమును, వెంటాడుటయు కోరువారికి బ్రాం స్టోకర్ వ్రాసిన ‘డ్రాక్యులా’ (1897) మేలు. ఇది యంతయు దినచర్యలు, జాబులు, తంతివార్తలు, పత్రికల తునకలతో కూర్పబడినది. తుపానులో నొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలో, చుక్కానికి కట్టుకొని మరణించిన నావికుడు తప్ప వేరొకడు కానరాని ఘట్టము, తుపానుల నెరిగిన మన కోస్తావారిని తప్పక కదలించును. ఇందు మీనా యను స్త్రీ కాగితములన్నియు టైపు చేసి, తేదీల వరుసను అమర్చి, రైళ్ల వేళలు కంఠస్థము చేసికొని వైరిజాడ తీయుటకు తోడ్పడును. విద్యార్థులు దీనిని గమనింపవలెను. శాస్త్రాభిలాష గలవారు మరియొకటి చూతురు గాక: ఒక యువతికి నలుగురి నెత్తురు పరీక్ష లేకయే యెక్కింతురు. లాండ్‌స్టైనర్ రక్తవర్గములను వెల్లడించినది 1901లో. అనగా రక్తవర్గముల సంగతి ఈ నవల వెలువడునాటికి తెలియదు.

శాస్త్రమే ప్రధానముగా కోరువారికి రిచర్డు మాథెసన్ రచించిన ‘ఐ యామ్ లెజెండ్’ (1954) గలదు. అందు రక్తపిశాచత్వము సూక్ష్మజీవి వలన కలుగు వ్యాధి. ఒంటరిగా మిగిలినవాడు సూక్ష్మదర్శినితో కారణము వెదకును. ఒకటి రెండు సాయంకాలములే తీరిక గలవారికి షెరిడాన్ లెఫాను వ్రాసిన ‘కార్మిల్లా’ (1872) చాలును. అయిన నిది పై తరగతులవారికే. తెలుగే కావలెనను పెద్దలకు యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’ కలదు. 1980ల ఆరంభమున ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడిన యీ నవల రక్తపిశాచమును గూర్చినది కాదు, క్షుద్రప్రయోగమును గూర్చినది. ఇట్టి కథ మూఢవిశ్వాసమును పెంచునని నాడు వాదములు చెలరేగెను. పిరికి పిల్లలకు దీనిని చదువనీయరాదు.

ఆ వాదమును తేలికగా త్రోసివేయరాదు. 1892లో అమెరికాలోని రోడ్ ఐలండునందు ఎక్సెటర్ అను నూర మెర్సీ బ్రౌను అను 19 ఏండ్ల బాలిక క్షయచే మరణించెను. తల్లియు, అక్కయు అంతకు ముందే యా వ్యాధితో పోయిరి. సోదరుడు ఎడ్విను మంచము పట్టెను. చనిపోయినవారిలో నొకరు అతని ప్రాణము పీల్చుచున్నారని యిరుగుపొరుగువారు పట్టుపట్టి శవములను తీయించిరి. చలికాలమగుటచే మెర్సీ దేహము చెడలేదు. ఆమె గుండెను కాల్చి, బూడిద నీట కలిపి యెడ్వినుచే త్రాగించిరి. రెండు నెలలలో అతడును మరణించెను. క్షయకు కారణమగు క్రిమిని రాబర్టు కోఖ్ ప్రకటించి అప్పటికి పదియేండ్లయినది. శవమును పరీక్షించిన వైద్యుడు ఊపిరితిత్తులలో క్షయ లక్షణములను చూచి చెప్పెను, వినువారు లేకపోయిరి.

ఇది దూరదేశపు ముచ్చట యని తలపరాదు. బాణామతి, చేతబడి యను నెపమున నిరపరాధులను కొట్టి చంపిన వార్తలు మన తెలుగు పత్రికలలోను పలుమారులు వచ్చినవి. పుస్తకములోని పిశాచము పుట మూసినతోడనే పోవును. పొరుగింటి వృద్ధురాలికి అంటగట్టిన పిశాచము అట్లు పోదు. కావున విద్యార్థులారా, మీ రుచికి తగిన గ్రంథము నెన్నుకొని నిర్భయముగా చదువుడు. కాని యూరిలో నెవరైన రోగమునకు మనుష్యుని నిందించునపుడు బేతాళుని నియమమును స్మరింపుడు. తెలిసియు పలుకకుండుట మీకు తగదు. దగ్గు రెండు వారములు మించెనేని కఫపరీక్ష చేయింపవలెననియు, క్షయకు ప్రభుత్వ వైద్యశాలలో నుచితముగా మందు లభించుననియు, అది కుదురు వ్యాధియనియు మీ యింట చెప్పుడు.